నా అనుభవం: అమ్మాయి మెదడులో రక్తస్రావం

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అమ్మాయికి చిన్నతనంలో చిన్నమెదడులో మెడుల్లోబ్లాస్టోమా అనే కణితి వస్తే విశాఖపట్నంలో ఆపరేషన్, రేడియేషన్, కీమోథెరపీ చేయించాము. ఆ తరువాత ఏళ్ల తరబడి స్కానులన్నీ బాగున్నాయి. అలాంటి పిల్ల ఒక ఉదయం తల పగిలిపోతోందని ఏడ్చి, వాంతి చేసుకుని, మాట తడబడుతూ మగతలోకి జారిపోయింది.

పైత్యమై ఉంటుంది, నిమ్మరసం పట్టించమని ఇరుగుపొరుగువారు ప్రేమతోనే చెప్పారు. కాని మగతలో ఉన్న పిల్లకు ఏది తాగించినా ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది కనుక ఏమీ ఇవ్వక, పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కు ఫోను చేశాము. స్థానికంగా తీసిన సి.టి. స్కానులో ఎడమ పెద్దమెదడులో తెల్లటి మచ్చగా రక్తం కనిపించింది. కణితి తిరగబెట్టిందనే భయంతోనే పాతపట్నం, నరసన్నపేట మీదుగా విశాఖ చేరాము. దారిలో ఫిట్స్ కూడా వచ్చాయి.

అక్కడ న్యూరోసర్జన్ మొదట అడిగింది రేడియేషన్ కాగితం. మెదడు, వెన్ను అంతటికీ 23.4 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), కణితి ఉన్న చోటికి మొత్తం 54 గ్రే అని అందులో ఉంది. రక్తం కణితి ఉన్న చోట కాక దూరంగా, అయినా రేడియేషన్ పడిన మేరలోనే ఉండడం చూసి, రేడియేషన్ తరువాత ఏళ్లకు పలుచని గోడల రక్తనాళాలు గుత్తిగా ఏర్పడి చిట్లవచ్చుననీ, దానిని కేవర్నోమా అంటారనీ ఆయన వివరించారు. అయితే తాజా రక్తం కింద ఏముందో కనిపించదు కాబట్టి, అది కరిగాక మళ్లీ ఎం.ఆర్.ఐ. తీసేవరకు ఏదీ తేల్చలేమన్నారు. ఆ వారాలు మాకు నరకమే. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు సరిపడా ఉన్నాయి, మెదడులోని రక్తపు గడ్డ చిన్నది. అందుచేత ఆపరేషన్ చేయక, ఫిట్స్ మందు ఇచ్చి, సి.టి. మళ్లీ తీసి కనిపెట్టి ఉన్నారు.

సరిహద్దు ఊళ్లవారికి ఒక మాట: ఆంధ్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్.టి.ఆర్. వైద్య సేవ (పాత పేరు ఆరోగ్యశ్రీ) ఆంధ్ర నివాసులకే వర్తిస్తుంది; మన ఒడిశా ఆరోగ్య కార్డు అక్కడ చెల్లుతుందో లేదో దారిలో ఉండగానే ఫోను చేసి కనుక్కోండి.

తరువాతి ఎం.ఆర్.ఐ.లో కేవర్నోమాయే కనిపించింది, కణితి లేదు. అమ్మాయి మాట చాలావరకు తిరిగి వచ్చింది. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ డాక్టరును అడగనిదే వాడవద్దన్నారు. ఈ వివరాలూ, ఆమెకు జరిగిన వైద్యమూ ఒక పేజీలో ఒడియాలో రాయించి బడి ప్రధానోపాధ్యాయునికి ఇచ్చాము. రేడియేషన్ కాగితం నకలు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉంది.