విత్తనం నుంచి ఆస్టర్ పూలు: నా అనుభవం

దసరాకి పూయాల్సిన చైనా ఆస్టర్లు మా మేడ మీద ఇప్పుడు, మార్గశిరంలో విచ్చుకుంటున్నాయి. చూస్తుంటే కడుపు నిండిపోతోంది. మొదట విత్తనాలు అమ్మిన దుకాణం మీద కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

నారు పోయడం కష్టమేమీ కాదు. కొబ్బరి పొట్టు, వర్మికంపోస్టు కలిపి ట్రే నింపి, గింజలు వేసి, పైన పల్చగా పొట్టు చల్లితే చాలు. వారం, పది రోజుల్లో మొలకలు రావాలి. గింజ నుంచి పువ్వుకి మూడు నెలల పైనే పడుతుందని ఆషాఢం రాగానే పోశాను. రోజూ పొద్దున్నే వెళ్ళి చూడటం, దిగులుగా కిందికి రావడం. చివరికి ఒక మూల రెండు మొలకలు లేచాయి, అవీ తల వాల్చేశాయి.

విత్తనాలు కొన్న దుకాణానికి వెళ్ళి అడిగాను. దుకాణం ఆయన ప్యాకెట్ వైపైనా చూడకుండా, "కొందరి చేతికి మొక్క రాదమ్మా, నర్సరీలో పూల మొక్కలు కొనుక్కోండి" అన్నాడు. పక్కనున్న వాళ్ళు నవ్వారు. మా అమ్మ పెరట్లో మట్టి పిసుకుతూ పెరిగిన దాన్ని నేను! ఆ మాట రాత్రంతా గుచ్చుతూనే ఉంది.

ఇంటికొచ్చి మిగిలిన గింజల్లో పాతిక తీసి, తడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టాను. పది రోజులు చూసినా మూడే మొలిచాయి. ఇందులో మట్టి లేదు, ఎరువు లేదు, ఎక్కువ నీళ్ళు పోశానన్న మాటా లేదు. అప్పుడు ప్యాకెట్ తిప్పి చూస్తే, ధర స్టిక్కర్ సరిగ్గా తేదీ మీదే అంటించి ఉంది. గోరుతో గీకితే గింజల మొలక పరీక్ష చేసిన తేదీ బయటపడింది, ఏడాది దాటిపోయింది. ఆస్టర్ గింజకి ఆయుష్షు తక్కువ. మామూలు గదిలో, అందులోనూ మన వేసవి వేడికి, ఏడాదిలోపే మొలక శక్తి బాగా పడిపోతుంది. గుడ్డ, ప్యాకెట్ రెండూ పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టాను. డబ్బులివ్వలేదు, అదే పెట్టెలోంచి ఇంకో ప్యాకెట్ తీసి ఇవ్వబోయాడు! పూల విత్తనం కదా, పది ఇరవై రూపాయలదే కదా అని మనం ఊరుకోబట్టే వీళ్ళకి ఈ ధైర్యం. తేదీ కనపడని ప్యాకెట్ ముట్టుకోకండి.

చేవెళ్ళ వైపు పూలు పండించే తెలిసిన రైతు ఒకాయన, ఆ సీజన్‌లోనే తీసిన కామిని, పూర్ణిమ గింజలు కొంచెం ఇచ్చాడు. రెండూ బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న ఉద్యాన పరిశోధన సంస్థ రకాలే. కామిని ముదురు గులాబీ, పూర్ణిమ తెలుపు. అదే ట్రే, అదే చెయ్యి. శ్రావణంలో పోస్తే వారం తిరక్కుండానే ట్రే అంతా పచ్చబడింది.

నాలుగైదు ఆకులు వచ్చాక కుండీల్లోకి మార్చాను. నేలలో అయితే మొక్కకీ మొక్కకీ అడుగు దూరం ఉంచాలి. నీళ్ళు నిలవకూడదు. ఒకటే టెన్షన్, ఎండు తెగులు. అది పట్టిందంటే మొక్క పచ్చగా ఉండగానే వాడిపోతుంది, మందు కొట్టినా తిరిగి లేవదు. ఈ తెగులు తెచ్చే శిలీంధ్రం మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటుంది కాబట్టి, ఆస్టర్ పెంచిన మట్టిలో వచ్చే ఏడు మళ్ళీ ఆస్టర్ వేయకండి.

ఆస్టర్ ఒక్కసారి పూసి అయిపోయే మొక్క. బలమైన నాలుగు మొక్కల పూలు కోయకుండా వదిలేశాను. ఇందులో ఎక్కువగా స్వపరాగ సంపర్కమే, అంటే తన పుప్పొడితోనే గింజ కడుతుంది కాబట్టి గింజ చాలావరకు తల్లి లాగే వస్తుంది. పువ్వు ఎండి గోధుమ రంగుకి తిరిగాక దులిపి, నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లంలో కట్టి, గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడతాను. పొట్లం మీద రకం పేరు, తీసిన తేదీ పెద్ద అక్షరాలతో రాస్తాను. కింది వాటా ఆవిడ ఇప్పుడే రెండు పొట్లాలు తనకి ఉంచమంది.