న్యూజెర్సీ గ్రంథాలయంలో నెలనెలా మారే పుస్తకాల బల్ల

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఒక ఊరి గ్రంథాలయంలో నేను సహాయకురాలిగా పనిచేస్తున్నాను. కార్డులు ఇవ్వడం, పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవడం, తిరిగి వచ్చినవాటిని అరల్లో సర్దడం రోజువారీ పనులు. వీటన్నిటికంటే నేను ఎక్కువ శ్రద్ధ పెట్టేది ప్రవేశద్వారం పక్కన ఉన్న పొడవాటి బల్ల మీద. నెలకొక అంశం అనుకుని, దానికి తగిన పుస్తకాలను ఏరి, అట్ట వచ్చేవారికి ఎదురుగా కనిపించేలా ఆ బల్ల మీద నిలబెడతాం. కౌంటరు దగ్గరికి వచ్చి ఫలానా పుస్తకం కావాలని అడగగలిగినవారికి ఈ బల్లతో పెద్దగా పనిలేదు. ఏమి అడగాలో తెలియనివారికి, అడగడానికి మొహమాటపడేవారికి, తమ ఇంగ్లీషు ఎదుటివారికి అర్థం కాదేమోనన్న జంకుతో నోరు విప్పనివారికి అది కావాలి. కొత్తగా వలస వచ్చినవారిలో ఇలాంటివారు చాలామంది ఉంటారు. హెచ్-1బి ఉద్యోగుల కుటుంబసభ్యులకు ఇచ్చే హెచ్-4 వీసా మీద వచ్చినవారికి 2015 మే వరకు ఇక్కడ ఉద్యోగం చేసే అనుమతి లేదు, ఆ తరువాత కూడా ముఖ్యంగా జీవిత భాగస్వామి గ్రీన్ కార్డు వ్యవహారం ఒక దశకు చేరినవారికే అది దక్కింది. అలా ఇంట్లో ఉండిపోయినవారికి డబ్బు ఖర్చు లేకుండా, ఎవరికీ సమాధానం చెప్పుకోకుండా రోజంతా కూర్చోగల చోటు ఊళ్లో గ్రంథాలయం తప్ప మరొకటి కనిపించదు. నేనూ అలా వచ్చి కూర్చున్నదాన్నే.

కొత్తవారు కార్డు చేతిలోకి తీసుకుని మొదట అడిగేది, ఎంత కట్టాలని. ఏమీ కట్టనక్కర్లేదంటే నమ్మరు. న్యూజెర్సీ చట్టం ప్రకారం పురపాలక గ్రంథాలయానికి ఊళ్లోని ఆస్తుల విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు కనీసం 33 సెంట్ల చొప్పున ఆస్తి పన్ను నుంచి కేటాయించాలి. అద్దె ఇంట్లో ఉన్నవారు కూడా ఆ అద్దె రూపంలో ఇందులో తమ వంతు ఇస్తున్నట్టే లెక్క. మన దగ్గర ఇంటి పన్నుతో కలిపి రూపాయికి ఎనిమిది పైసల చొప్పున వసూలు చేసే గ్రంథాలయ పన్నును గుర్తు చేస్తే తెలుగువారికి సంగతి వెంటనే అర్థమవుతుంది, ఆ తరువాత పుస్తకం అందుకునే చేతిలో సంకోచం కనిపించదు.

బల్ల మీది అంశాల్లో కొన్నిటిని దేశం క్యాలెండరే నిర్ణయిస్తుంది. ఫిబ్రవరి నల్లజాతివారి చరిత్రకు కేటాయించిన నెల. చరిత్రకారుడు కార్టర్ జి. వుడ్‌సన్ 1926లో దీన్ని ఒక వారంగా ప్రారంభించాడు. అబ్రహాం లింకన్ పుట్టినరోజు, బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చి జాతి గొంతుగా నిలిచిన ఫ్రెడరిక్ డగ్లస్ పుట్టినరోజుగా జరుపుకునే తేదీ, రెండూ ఆ వారంలోనే వస్తాయి కనుక దాన్ని ఎంచుకున్నాడు. 1976లో ఆ వారం నెల అయింది. మార్చి మహిళల చరిత్రకు, ఏప్రిల్ కవిత్వానికి, మే ఆసియా సంతతివారికి, నవంబరు ఈ నేల మీద మొదటినుంచీ ఉన్న ఆదివాసులకు. సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 వరకు స్పానిష్ మూలాలున్నవారి వారసత్వ మాసం. నెల మధ్యలో మొదలు కావడానికి కారణం, మధ్య అమెరికాలోని ఐదు దేశాలు 1821లో స్పెయిన్ పాలన నుంచి బయటపడినది సెప్టెంబరు 15నే. వేసవిలో పిల్లల పఠన కార్యక్రమానికి అనేక రాష్ట్రాల గ్రంథాలయాలు కలిసి ఏర్పరచుకున్న ఒక సంఘం ఉమ్మడి అంశాన్ని ఇస్తుంది. 2024లో అది సాహసం, 2025లో రంగులూ కళలూ. మిగిలిన నెలలు మా ఇష్టం.

ఇష్టమంటే తోచింది పేర్చడం కాదు. రెండు మూడు నెలల ముందుగానే జాబితా మొదలవుతుంది. అందరికీ తెలిసిన పుస్తకాల కోసం అప్పటికే వరుసలో వేచి ఉన్నవారు ఉంటారు కాబట్టి వాటిని బల్ల మీద పెట్టినా ప్రయోజనం లేదు. మంచివై ఉండి, మూడు నాలుగేళ్లుగా ఎవరి చేతికీ వెళ్లనివాటిని అరల్లోంచి వెతికి తీయాలి. అలా కదలకుండా ఉన్న పుస్తకాన్ని కొంతకాలానికి గ్రంథాలయంలోంచి తీసివేయక తప్పదు, అరలకు కొలత ఉంది. బల్ల మీదికి రావడం దానికి దొరికే చివరి అవకాశం. మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాల్లో రెండు నాకు ఈ పని చేస్తున్నప్పుడు తప్పక గుర్తొస్తాయి: ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం ఉంది, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉన్నాడు. ఇక్కడ గ్రంథాలయ శాస్త్రం చదివినవారందరికీ ఆయన పేరు తెలుసు.

ఎంపికైన ప్రతి పుస్తకానికీ కంప్యూటరులో చోటు మార్చి 'ప్రదర్శన' అని నమోదు చేయాలి. ఈ చిన్న పని మరిస్తే, అదే పుస్తకం కోసం అర దగ్గరికి వెళ్లినవారు ఖాళీ చూసి వెనుదిరుగుతారు. పెద్ద అక్షరాల ప్రతులు, వినే పుస్తకాలు, ఫోనులో చదువుకునేవి కూడా అదే అంశంలో ఉండాలి. కళ్లు సరిగా కనిపించనివారు, రోజుకు రెండు గంటలు రైల్లో గడిపేవారు కూడా మా పాఠకులే. బల్ల నిండుగా కనిపిస్తే చూసేవారికి అందంగా ఉంటుందేమో కానీ, మాకు సంతోషం కలిగేది అక్కడక్కడా ఖాళీలు పడినప్పుడే. ఆ ఖాళీలు నింపడానికి వెనుక గదిలో ఒక బండి నిండా అదనపు పుస్తకాలు సిద్ధంగా ఉంటాయి.

బల్ల మీది పుస్తకంలో సిఫారసుగా పెట్టే చీటీ మీద ఏమి రాయాలన్నది నేను ఎక్కువసేపు ఆలోచించే విషయం. 'అద్భుతం', 'తప్పక చదవాల్సినది', 'అవార్డు పొందినది' అన్న మాటలు చదివేవారికి ఏమీ చెప్పవు. నేను రాసే చీటీలు ఇలా ఉంటాయి: 'రాత్రి డ్యూటీ చేసేవారికి. అధ్యాయాలు చిన్నవి, ఎక్కడ ఆపినా మళ్లీ అందుకోవచ్చు.' 'అమ్మను దూరాన వదిలి వచ్చినవారు కొంత ధైర్యంగా ఉన్న రోజున మొదలుపెట్టండి.' 'ఇంగ్లీషు తేలిక, వాక్యాలు పొట్టి, కథ గట్టిది.' మూడో రకం చీటీ ఉన్న పుస్తకాలు అన్నిటికంటే ముందు వెళ్లిపోతాయి. అయితే ఆ చీటీని పైకి కనిపించేలా పెట్టకూడదని నా పట్టుదల. తేలిక ఇంగ్లీషు పుస్తకం తీసుకుంటున్నామని నలుగురికీ తెలియడం పెద్దవయసువారికి చిన్నతనంగా ఉంటుంది. అందుకని చీటీని అట్ట లోపల పెడతాను, పుస్తకం తెరిచినవారికే అది కనిపిస్తుంది.

మా ఇష్టానికి వదిలిన నెలల్లో జనవరికి నేను సూచించిన అంశం 'తొలి శీతాకాలం'. డిసెంబరు చివర్లో దిగి, సాయంత్రం ఐదు గంటలలోపే చీకటి పడే రోజులను మొదటిసారి చూసినవారి కోసం అది. పిల్లలకు ఎన్ని పొరల బట్టలు వేయాలో చెప్పే పుస్తకం, వేడివేడి చారుల వంటల పుస్తకం, పౌరసత్వ పరీక్షకు సిద్ధం చేసే పుస్తకం, నూరేళ్ల కిందట ఓడల్లో వచ్చి, న్యూయార్క్ రేవులో వలసదారులను తనిఖీ చేసే ఎల్లిస్ ద్వీపానికి చేరినవారి జ్ఞాపకాలు, మంచు కురిసే రోజున ముగిసే బొమ్మల కథలు, అన్నీ ఒకే బల్ల మీద. వంటల పుస్తకం పక్కన చరిత్ర పుస్తకం ఉండటం గ్రంథాలయ వర్గీకరణకు విరుద్ధమే. పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలు వేయడానికి 1876లో అమెరికా గ్రంథపాలకుడు మెల్విల్ డ్యూయీ ఇచ్చిన దశాంశ పద్ధతిలో అవి ఒకదానికొకటి చాలా దూరంలో ఉంటాయి. అరలు విషయాన్ని బట్టి ఉంటాయి, బల్ల మాత్రం మనిషి అవసరాన్ని బట్టి ఉండాలి. ఒక మధ్యాహ్నం చంకలో పసిపిల్లతో వచ్చిన అమ్మాయి ఆ బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎవరినీ ఏమీ అడగకుండా, చారుల పుస్తకంతో పాటు ఎల్లిస్ ద్వీపం పుస్తకం కూడా తీసుకుని, మనిషితో మాట్లాడనక్కర్లేని యంత్రం దగ్గర నమోదు చేసుకుని వెళ్లింది. వంటల అరకు వెళ్లి ఉంటే రెండో పుస్తకం ఆమె కంట పడేది కాదు. 1935లో పెదవడ్లపూడికీ కొల్లూరుకూ మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పిన మన పెద్దల ఆలోచన కూడా ఇదే: పాఠకుడు వెతుక్కుంటూ వచ్చేదాకా ఆగకుండా, అతను నిలబడిన గట్టుకే పుస్తకం చేరాలి.

మే నెల విషయంలో మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది. తొలి జపాను వలసదారు 1843 మే 7న అమెరికా చేరడం, ఖండాన్ని దాటే రైలుమార్గం 1869 మే 10న పూర్తికావడం, ఆ మార్గం పడమటి భాగాన్ని వేసినవారిలో అత్యధికులు చైనా కూలీలు కావడం, ఇవన్నీ ఆ నెలను ఎంచుకోవడానికి కారణాలు. చరిత్రగా అది గౌరవించదగినదే. కానీ మే బల్ల మీద భారత మూలాలున్న రచయితలను వరుసగా నిలబెట్టి, జూన్ ఒకటిన అందరినీ లోపలికి పంపేసి, మిగిలిన పదకొండు నెలలు వారిని తలచుకోకపోతే అది సిఫారసు కాదు. హత్య మిస్టరీ రాసిన భారతీయ రచయిత్రి అక్టోబరులో మిస్టరీల బల్ల మీద ఉండాలి, తోటపని గురించి రాసిన కొరియా రచయిత ఏప్రిల్‌లో తోటల బల్ల మీద ఉండాలి. నవంబరు బల్లకూ ఇదే వర్తిస్తుంది. న్యూజెర్సీ నేల లెనాపె అనే ఆదివాసులది. వారి గురించి ఇతరులు రాసిన పుస్తకాలతో సరిపెట్టకుండా, ఆదివాసులు స్వయంగా ఈ కాలంలో రాస్తున్న నవలలు, కవిత్వం, పిల్లల పుస్తకాలు ముందు వరుసలో పెట్టాలని జాబితా వేసిన ప్రతిసారీ అడుగుతాను. నా తోటి ఉద్యోగులు ఈ మాటను విని ఒప్పుకున్నారు, జాబితాల్లో ఆ మార్పు కనిపిస్తోంది.

మేము ఇంతకుముందు ఏమి చదివామో చూసి తరువాతి పుస్తకం చెప్పవచ్చు కదా, షాపింగ్ సైట్లు అలాగే చేస్తాయి కదా అని కొందరు అడుగుతుంటారు. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్న వివరం న్యూజెర్సీ చట్టం ప్రకారం రహస్యం. వీసా కాగితాల మీద బతికేవారికి ఈ రక్షణ విలువ ఎంతో వేరే చెప్పనక్కర్లేదు. విడాకుల చట్టం గురించి, జబ్బు గురించి, యజమానితో గొడవ గురించి చదివినవారిని ఎవరూ ప్రశ్నించరు. అందువల్ల మా సిఫారసు అందరికీ ఒకటే బల్ల, దాని ముందు ఎవరైనా నిలబడవచ్చు.

ఇక మన భాష సంగతి. వేసవిలో ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు తెలుగు పుస్తకాలున్నాయా అని అడుగుతారు. మా దగ్గర ఉన్నవి ఒక అర కూడా నిండవు, ఉన్నవి కూడా వెతికితే దొరకవు. అమెరికా గ్రంథాలయాలు తెలుగు పేర్లను ఇంగ్లీషు లిపిలో రాయడానికి ఒక ప్రత్యేక పద్ధతి పాటిస్తాయి. అందులో 'చ' అక్షరానికి 'సి' ఒక్కటే వాడతారు, మనమేమో 'సి' పక్కన 'హెచ్' చేర్చి టైపు చేస్తాం, కంప్యూటరు ఏమీ లేదంటుంది. అందుకే తెలుగు తెలిసినవారు కౌంటరు దగ్గర ఉన్న చోట అడగడం మంచిది. లేనిచోట రచయిత పేరును రెండు మూడు విధాలుగా రాసి చూడాలి, దొరకకపోతే వేరే గ్రంథాలయం నుంచి తెప్పించమని కోరవచ్చు. ఇంట్లో చదివేసిన పుస్తకాల సంచీ తెచ్చి ఇస్తే అవి అరల్లోకి వస్తాయని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అలాంటి విరాళాలు గ్రంథాలయ మిత్రుల సంఘం జరిపే పాత పుస్తకాల అమ్మకానికి వెళతాయి. అరలోకి రావాలంటే కొనుగోలు సూచన పత్రం నింపాలి. ఒక కుటుంబం నింపితే అది ఒక కోరికగా మిగిలిపోతుంది, పది కుటుంబాలు వేర్వేరు పుస్తకాలు అడిగితే బడ్జెట్ వేసేవారు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. రాబోయే వేసవికి 'అమ్మమ్మలు, తాతయ్యలు' అన్న అంశం ప్రతిపాదించాను. హిందీ, గుజరాతీ, చైనీస్ పుస్తకాలతో పాటు ఆ బల్ల మీద తెలుగువి కూడా ఉండాలంటే మార్చి లోపల ఆ పత్రాలు మా చేతికి అందాలి.