బడి కట్టాక మోటారు బాగు చేయించేదెవరు?

డల్లాస్ చుట్టుపక్కల కట్టే స్కూళ్లకు పునాదులు, స్లాబులు లెక్కగట్టే ఆఫీసులో నా ఉద్యోగం. ఇక్కడికొచ్చిన కొత్తలో నన్ను బాగా ఆశ్చర్యపరిచింది స్కూల్ బోర్డు. టెక్సాస్‌లో వెయ్యికి పైగా స్కూల్ డిస్ట్రిక్టులున్నాయి, అంటే ఒక్కో ప్రాంతంలోని ప్రభుత్వ బళ్లను నడిపే సంస్థలు. ఒక్కోదాని బోర్డులో సాధారణంగా ఏడుగురు ట్రస్టీలు. జనం ఓట్లేసి ఎన్నుకుంటారు, జీతం ఉండదు. స్థలం ఎక్కడ కొనాలి, గదులెన్ని, ఏ వీధి పిల్లలు ఏ స్కూలుకి వెళ్లాలి అన్నది తేల్చేది వాళ్లే. మా డ్రాయింగులు పట్టుకుని మేం వాళ్ల ముందు నిలబడాలి.

పెద్ద భవనాల కోసం బాండ్లతో అప్పు తేవాలంటే ఓటర్లు ఒప్పుకోవాలి. మే నెలలోనో నవంబరులోనో ఎన్నిక పెడతారు. 2019లో వచ్చిన చట్టం ప్రకారం ఇది ఆస్తి పన్ను పెంపు అని బ్యాలెట్ మీదే రాయాలి. బడికి పంపే పిల్లల్లేని ముసలాయన కూడా మీటింగుకి వచ్చి, మైకు దగ్గర తనకిచ్చిన రెండు మూడు నిమిషాల్లో నా ఇంటి పన్ను ఎందుకు పెరగాలని నిలదీస్తాడు. అందుకే బోర్డు లెక్కలు దగ్గర పెట్టుకుంటుంది. కొత్త ఇళ్లు ఎక్కడ లేస్తున్నాయి, పదేళ్లకు పిల్లలెంతమంది ఉంటారు అని చెప్పించుకోవడానికి జనాభా నిపుణుల్ని పిలుస్తుంది. ఆ లెక్క ఎదురు తిరిగితే మూతలూ తప్పవు. డల్లాస్ పక్కనే, మనవాళ్లు ఎక్కువగా ఉండే ప్లానోలోనే 2024లో బోర్డు నాలుగు స్కూళ్లు మూసేయాలని తీర్మానించింది. ఖరీదైన ఇళ్లున్న చోట భవనాలూ ఖరీదుగా లేస్తాయి, పేద డిస్ట్రిక్టులు వెనకబడతాయి. ఆ అన్యాయం నాకు రుచించదు.

కానీ ఒక్క పద్ధతి మాత్రం మా ఊరికి తీసుకుపోవాలనిపిస్తుంది. బాండు డబ్బుతో జీతాలివ్వకూడదు, రోజువారీ మరమ్మతుల ఖర్చు వేరే పన్నులోంచి రావాలి. దాంతో మేం ఏ ఫ్లోరింగ్ చూపించినా దీన్ని ఎవరు కడుగుతారు, ఎన్నేళ్లు నిలుస్తుంది అని ముందే అడుగుతారు.

మాది రాజోలు దగ్గర ఊరు. మా వదిన అక్కడి ఎలిమెంటరీ స్కూలు పేరెంట్స్ కమిటీలో సభ్యురాలు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. 2019 నవంబరులో ప్రభుత్వ బళ్లను బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైనప్పుడు పనుల డబ్బు ఈ కమిటీల ఖాతాల్లోకే వచ్చింది. మా ఊళ్లో మరుగుదొడ్లకు గీసిన చోటు వానాకాలం మోకాలి లోతు నీళ్లు నిలిచే మూల. ఆడవాళ్లంతా పట్టుబట్టి రోడ్డు వైపు మెరక మీదికి మార్పించారు. "మీ ఇంజనీర్లు కాయితం చూసి గీస్తారమ్మా, నీళ్లెక్కడ నిలుస్తాయో రోజూ తొక్కేవాళ్లకి తెలుస్తుంది" అంది వదిన. డల్లాస్ నల్లమట్టి కూడా మన రేగడిలాగే తడికి ఉబ్బుతుంది, ఎండకి పగులుతుంది. అందుకే ఆ మాట నాకు చప్పున ఎక్కింది.

కోనసీమలో బడి అంటే పిల్లల చదువొక్కటే కాదు. 1996 నవంబరు 6 తుఫానుకి జనం తలదాచుకున్నది బడి స్లాబు కిందే. గోదావరి పొంగితే లంకవాళ్లు పిల్లల్ని, మూటల్ని తెచ్చుకునేదీ అక్కడికే. ఇక్కడ కొత్తగా కట్టే స్కూళ్లలో టోర్నడోని తట్టుకునే గదులు పెడుతున్నాం. వాటి లెక్కలు చేసేటప్పుడల్లా మన బళ్ల అరుగు ఎత్తు ఎంతుండాలో ఊరివాళ్లనే అడగాలి కదా అనిపిస్తుంది.

అంత పట్టుదలతో కట్టించుకున్న మరుగుదొడ్లకి తర్వాత నీళ్లు ఆగిపోయాయి. మోటారు కాలిపోయింది. బాగు చేయించే డబ్బు ఏ పద్దులోంచి రావాలో ఎవరూ చెప్పలేదు. ఒకప్పుడు పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చిన అమ్మఒడి సొమ్ములోంచి తల్లికి వెయ్యి రూపాయల చొప్పున మరుగుదొడ్ల నిర్వహణకు పట్టుకునేవారు. ఇష్టం లేకుండా పట్టుకున్నా, దానికంటూ ఒక దారి ఉండేది. పెద్దపిల్లలు నీళ్లు తాగకుండా సాయంత్రం దాకా బిగబట్టుకుంటున్నారని వదిన చెప్పినప్పుడు నాకు కడుపు రగిలిపోయింది.

అదే వారం మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో బడికి ఆర్చి కట్టిద్దామని చర్చ. దాతల పేర్లు పాలరాతి మీద చెక్కిస్తారట. ఊరి మీద ప్రేమతో ఇచ్చే డబ్బే, తప్పు పట్టను. కాకపోతే బయటి నుంచి డబ్బు పంపే మనం కూడా ఆ బడి రూపాన్ని నిర్ణయిస్తున్నాం, కమిటీని అడక్కుండానే. ఆర్చి వద్దు, ఆ డబ్బు కమిటీ పేరున బ్యాంకులో వేసి వడ్డీతో మోటారు, కుళాయిలు చూసుకోనిద్దాం అన్నాను. కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఇంకా అలిగి ఉన్నారు.

విద్యాహక్కు చట్టం కిందే కమిటీ మూడేళ్ల అభివృద్ధి ప్రణాళిక రాయాలి. ఏ తరగతిలో ఎంతమంది చేరతారు, ఏ గదులు కావాలి, ఎంత ఖర్చు, అన్నీ అందులో ఉండాలి. ఇక్కడి బోర్డులు నిపుణుల్ని పెట్టి చేయించే లెక్క మన చట్టంలో ముందే ఉంది. మా ఊళ్లో మాత్రం హెడ్మాస్టారు రాసిన కాయితం మీద తల్లులు సంతకాలు పెడుతున్నారు. ఈసారి కమిటీ రెండు కొత్త గదులు అడుగుదామనుకుంటోంది. పిల్లలేమో ఏటా కాన్వెంటు బస్సు ఎక్కి వెళ్లిపోతున్నారు.

"ముందు అంగన్‌వాడీ రిజిస్టరు చూసి, వచ్చే మూడేళ్లలో ఒకటో తరగతికి ఎంతమంది వస్తారో రాయించు వదినా, గదుల సంగతి తర్వాత" అన్నాను. ఆదివారం టీచరమ్మ దగ్గరికి వెళ్తానంది.