పాస్‌వర్డ్ సరైనదే, అయినా లోపలికి రానివ్వలేదు

నిన్న రాత్రి పదకొండున్నరకి లినక్స్ (విండోస్ లాంటి ఇంకో సిస్టమ్) ఉన్న నా లాప్‌టాప్ తెరుచుకుంది. మూడు రోజుల టెన్షన్ తీరింది.

రెండు కీలు పడటం లేదని షాపులో ఇచ్చాను. కీబోర్డు మార్చారు, అది బాగానే ఉంది. కానీ చెక్ చేయాలని, నాకు ఒక్క ఫోన్ కూడా చేయకుండా, పాస్‌వర్డ్ లేకుండానే తెరుచుకునే రికవరీ మోడ్‌లోకి వెళ్ళి పాస్‌వర్డ్ 1234గా మార్చేశారు. ఇంటికొచ్చి అదే కొట్టాను. తెర ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ లాగిన్ దగ్గరికే వచ్చింది. వేరే పాస్‌వర్డ్ కొడితే తప్పని చెబుతోంది. 1234 కొడితే ఏమీ చెప్పకుండా వెనక్కి తోస్తోంది.

మళ్ళీ షాపుకి వెళ్తే, "డిస్క్ పోయింది మేడం, ఫార్మాట్ కొట్టాల్సిందే. మీకు ఈ లినక్స్ ఎందుకు?" అన్నాడు, నలుగురి ముందు. అందులో పాప మొదటి నాలుగేళ్ళ ఫొటోలున్నాయి. ఏం మాట్లాడలేక లాప్‌టాప్ తీసుకుని వచ్చేశాను. తెలియనప్పుడు తెలియదని చెప్పాలి. ఎవరి ఫొటోలనో చెరిపేసే హక్కు ఎవరికీ లేదు.

2017లో ఉబుంటు 16.04 (ఒక రకం లినక్స్) వేసేటప్పుడు, నా ఫైళ్ళన్నీ ఉండే హోమ్ ఫోల్డర్‌ని ఎన్‌క్రిప్ట్ చేయమని (తాళం వేసి దాచమని) టిక్ పెట్టింది నేనే. ఆ సంగతి నిన్న గుర్తొచ్చింది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్1 నొక్కితే వచ్చే నల్ల తెర మీద 1234తో లాగిన్ అయ్యాను. ఫైళ్ళ జాబితా చూపే ఎల్ఎస్ (ls) కొడితే రెండే ఫైళ్ళు! గుండె జారిపోయింది. వాటిలో రీడ్‌మీ తెరిస్తే, డేటా భద్రంగానే ఉంది, ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్-మౌంట్-ప్రైవేట్ (ecryptfs-mount-private) అనే కమాండ్ నడపమని రాసి ఉంది. నడిపాను. 1234 ఇస్తే ఒప్పుకోలేదు. నా పాత పాస్‌వర్డ్ ఇచ్చాను, మౌంట్ అయిందంది, అంటే తాళం తెరుచుకుంది. సీడీ (cd) కమాండ్ కొట్టి ఫోల్డర్‌లోకి మళ్ళీ వెళ్ళి చూస్తే అన్నీ ఉన్నాయి.

ఫైళ్ళ తాళం నా పాత పాస్‌వర్డ్‌తో చుట్టి (అంటే దానితోనే తెరుచుకునేలా) ఉంటుంది. మనం లాగిన్ అయి పాస్‌వర్డ్ మార్చుకుంటే ఆ చుట్టు కూడా మారుతుంది. షాపువాళ్ళు చేసినట్టు రూట్ (సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉన్న ఖాతా) నుంచి మారిస్తే మారదు. లాగిన్‌కి ఒకటి, తాళానికి ఇంకొకటి అయ్యాయి, అంతే. ఆ రూట్ అధికారం ఇచ్చే సుడో (sudo) కమాండ్‌తో పాస్‌వర్డ్ మళ్ళీ పాతదే పెట్టి రీస్టార్ట్ చేస్తే డెస్క్‌టాప్ వచ్చేసింది.

పాత పాస్‌వర్డ్ గుర్తులేని వాళ్ళకి 32 అక్షరాల మౌంట్ పాస్‌ఫ్రేజ్ (ఆ చుట్టు లోపలున్న అసలు తాళంచెవి) ఒక్కటే దారి. ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్-అన్‌ర్యాప్-పాస్‌ఫ్రేజ్ (ecryptfs-unwrap-passphrase) కమాండ్ కొడితే కనిపిస్తుంది, అదీ తాళానికి ఉన్న పాస్‌వర్డ్ గుర్తున్నప్పుడే. కాబట్టి ఈ రోజే రాసిపెట్టుకోండి. నేను రాత్రే కాగితం మీద రాసి, రెండుసార్లు సరిచూసి, బీరువాలో పాప బర్త్ సర్టిఫికెట్ పక్కన పెట్టాను. రిపేరుకి ఇచ్చేటప్పుడు పాస్‌వర్డ్ ముట్టుకోవద్దని బిల్లు మీదే రాయించండి. నేను ఆ షాపుకి మాత్రం మళ్ళీ వెళ్ళను.