దీనికి మీసాలేవి పెద్దమ్మా?

పోయిన శనివారం రాత్రి వాన వెలిశాక మా బాల్కనీలో ట్యూబ్‌లైటు కింద టప్పుమని ఏదో పడింది. మేముండేది సఫిల్‌గూడ చెరువుకి దగ్గర్లో, కాబట్టి ఇలాంటి చుట్టాలు మాకు కొత్త కాదు. బొద్దింక కంటే పెద్దది, ఎండుటాకు రంగు, బల్లపరుపు ఒళ్లు. నల్లుల జాతికి చెందిన పెద్ద నీటిపురుగు. మా చెల్లెలి కొడుకు హోంవర్క్ వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. వాడికి హోంవర్క్ వదలడానికి ఈగ వాలినా చాలు.

"గిది బొద్దింకనే కదా? మరి మీసాలేవి పెద్దమ్మా?"

22 ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తున్నాను. 'కీటకాలకు ఒక జత స్పర్శశృంగాలు ఉండును' అని ఎన్ని వందల నోట్సుల్లో రాయించానో. స్పర్శశృంగాలంటే ఈ మీసాలే. ఇక్కడ చూపిద్దామంటే తల మీద ఏమీ లేదు. దగ్గరగా చూద్దామని పట్టుకోబోతే చూపుడువేలి మీద ఒక్క పోటు పొడిచింది. ఆ మంట పగవాడికి కూడా వద్దు. సోమవారం చాక్‌పీసు పట్టుకోవడానికి కూడా ఇబ్బందే అయింది.

డబ్బాలో మూసి ఫ్రీజర్‌లో పెట్టాను. (మా అత్తగారికి ఈ పోస్టు చూపించకండి.) ఆదివారం పొద్దున వెల్లకిలా పడుకోబెట్టి భూతద్దం కింద చూస్తే, కంటి కింద సన్నటి గాడి. అందులో సూది మొన పెట్టి మెల్లగా లాగితే మడిచిన మీసం బయటికొచ్చింది. నాలుగే కణుపులు, పక్కకి వేళ్లలా పొడుచుకొచ్చిన ముక్కలు. విరిగిన దువ్వెన ముక్కలా ఉంది. పాత వర్గీకరణలో ఈ గుంపు పేరు క్రిప్టోసెరేటా, అంటే దాగిన కొమ్ములవి. ఇదే జాతిలో నీళ్లపైన జారుతూ పరుగెత్తేవాటికి మాత్రం మీసాలు పొడుగ్గా బయటే ఉంటాయి. నీళ్లను చీల్చుకుంటూ ఈదేదానికి పొడుగు మీసం అడ్డమే కదా.

నీటి కీటకాల పూర్వీకులు నేలమీద బతికినవే. ఒక్కో గుంపు ఒక్కో కాలంలో మళ్లీ నీళ్లలోకి దిగింది. దిగినవి మీసాన్ని ఒక్కోటి ఒక్కో పనికి పెట్టుకున్నాయి. నాకు బాగా నచ్చేది వెల్లకిలా ఈదే పురుగు. దాని తలకీ మీసానికీ మధ్య చిన్న గాలిబుడగ చిక్కుకుని ఉంటుంది. బుడగ పైకి తేలాలని చూస్తుంది కాబట్టి మీసాన్ని నెడుతుంది. ఆ నెట్టుడుని బట్టి పైన ఎటో కింద ఎటో పురుగుకి తెలుస్తుంది. మేస్త్రీ చేతిలో రసమట్టం ఉంటుంది చూడండి, అదే పని.

నల్లగా నున్నగా మెరిసే ఒక రకం నీటి పెంకుపురుగు మీసంతో నీటి పైపొరను చీల్చి, పొట్ట కిందికి గాలి తీసుకెళ్తుంది. తడిమే పనిని నోటి పక్కనుండే పాల్ప్‌లనే సన్నటి అవయవాలకు అప్పగించేసింది. అవి ఎంత పొడుగంటే, ఒక ప్రాక్టికల్ క్లాసులో నేనే వాటిని మీసాలని పిల్లలకు చూపించాను. ఎవరూ కనిపెట్టలేదు. ఇన్నాళ్లకి ఒప్పుకుంటున్నాను.

ఇక దోమ. పిల్లగా ఉన్నంతకాలం నీళ్లలోనే. కూలర్ నీళ్లలోంచి పిల్లదోమల్ని తీసి, సీసాలో వేసి, మూతికి పాత చున్నీ కట్టాను. మగదోమ మీసం లెన్సు కింద చూస్తే సీసాలు కడిగే బ్రష్షులా ఉంటుంది. ఆడదోమ రెక్కల చప్పుడుకి ఆ వెంట్రుకలు కదులుతాయి. మొదట్లోని రెండో కణుపు చిన్న లడ్డూలా ఉబ్బి ఉంటుంది. వినేది అక్కడే. 1855లో క్రిస్టఫర్ జాన్‌స్టన్ అనే అమెరికా డాక్టరు వర్ణించాడు కాబట్టి జాన్‌స్టన్ అంగం అంటారు. మగదోమలో ఆ కాస్త చోటులో సుమారు 15,000 జ్ఞానకణాలు! నీళ్లమీద గిరగిరా తిరిగే నల్ల పురుగులు సన్నటి అలల్ని పసిగట్టేదీ, వెల్లకిలా పురుగు బుడగ నెట్టుడుని గుర్తించేదీ ఈ అంగంతోనే.

మన హైదరాబాద్‌లో దోమ అనగానే 1897 ఆగస్టు 20, రోనాల్డ్ రాస్, బేగంపేట బంగళా అని అందరూ చెప్తారు. దోమలో మలేరియా క్రిమిని పట్టుకోవడానికి ఆయన కోసింది ఆడదోమ పొట్ట. నేనైతే తల దగ్గరే ఆగిపోయేదాన్ని, ఆ క్రిమి ఇంకా దొరక్కుండానే ఉండేది.

ఇదంతా చెప్తే మావాడు కాసేపు ఆలోచించాడు.

"ఒకటేమో వింటది, ఒకటి గాలి తెస్తది. మరి పుస్తకంల స్పర్శ అని ఎందుకు రాసిండ్రు?"

"పరీక్షలో మాత్రం అదే రాయి, లేకపోతే మార్కులు పోతాయి" అన్నాను.

రెండో వైపు మీసం తనే తీస్తానని సూది అడిగాడు. ఇచ్చాను. విరగ్గొట్టాడు.