బెజ్జం దగ్గర తడి

పదకొండు దాటింది. రేపు పొద్దున్నే మీటింగ్ ఉంది. అయినా గరాజులో ఆ ఐస్ బాక్స్ కింద కనిపించిన తడి కళ్ళముందే ఉంది, నిద్ర పట్టడం లేదు.

పట్టిన చేపలు బోటులో బతికుండేలా దాన్ని నీళ్ళ తొట్టిగా మార్చడానికి మూడు శనివారాలు పెట్టాను. 48 క్వార్టుల పాత పెట్టె, అంటే 45 లీటర్ల నీళ్ళు. 12 వోల్టుల పంపు, సన్న బెజ్జాలు వేసిన పీవీసీ పైపు. ఇవాళ లూయిస్‌విల్ లేక్‌లో స్విచ్ వేయగానే జల్లు పడింది. సంబరంగానే ఉంది.

కానీ పొంగిన నీళ్ళు బయటికి పోవడానికి పక్క గోడకి పెట్టిన ఒక్క గొట్టం! చుట్టూ సిలికాన్ పట్టిస్తే చాలన్నాడు షాపతను. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అదే చెప్పాడు. పెట్టె పాలిథిలీన్ ప్లాస్టిక్, దానికి సిలికాన్ అతుక్కోదు. సాయంత్రం గోటితో లేపితే ఉంగరంలా, ఎక్కడా తెగకుండా ఊడొచ్చింది. ఆ సందులోంచి నీళ్ళు రెండు గోడల మధ్య ఫోమ్‌లోకి దిగాయి. పెట్టె ఖాళీ చేసినా బరువు తగ్గలేదు, వంచితే లోపల గుడగుడమంటోంది. తెలియకపోతే తెలియదని చెప్పొచ్చు కదా!

"చేపల్ని ఐస్‌లో వేసుకొస్తే ఏం?" అంది మా ఆవిడ. నాకు చెప్పడం రాలేదు.

నాన్న కైకలూరు నుంచి కొరమీను తెచ్చేవారు, సైకిల్‌కి బకెట్ తగిలించి, పైన తడి గోనె కప్పి. అందులో నీళ్ళు జానెడు కూడా ఉండేవి కావు. కొరమీను పైకొచ్చి గాలి మింగి మళ్ళీ దిగిపోతుంది. రాత్రి పెరట్లోంచి ఆ 'గుబుక్' నాకు మంచం మీదికి వినిపించేది. ఒకసారి మూత తోసుకుని బయటపడి, తెల్లారి తులసికోట వెనక దొరికింది. ఒళ్ళంతా మట్టి, అయినా బతికే ఉంది. ఎంత అలసిపోయి వచ్చినా నాన్న తన కాళ్ళు కడుక్కునే ముందు బకెట్లో నీళ్ళు మార్చేవారు.

ఇక్కడ టెక్సస్‌లో ఆ చేపని ప్రాణంతో ఉంచుకోవడమే నేరం. ఇక్కడ దొరికే సాండ్ బాస్ చేప అంత మొండిది కాదు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలిస్తే, 30 దగ్గర ఏడున్నరే. జులై ఎండలో ఇవాళ నాలుగింట్లో రెండు పక్కకి ఒరిగిపోయాయి. పైగా జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు వేరే చెరువులకి పాకకుండా, లేక్ దగ్గర్నుంచి కదిలే ముందే పెట్టెలో నీళ్ళన్నీ పారబోయాలని చట్టం. అంటే నాన్న తెచ్చినట్టు బతికున్న చేప ఇంటికి రానే రాదు. ఈ వాక్యం రాసేదాకా నాకిది తట్టలేదు.

తీసి పారేద్దామనుకున్నాను. పన్నెండడుగుల బోటులో 45 కిలోల నీళ్ళు ఎందుకు?

లేదు, తీయను. గాలానికి పడ్డప్పటి నుంచి ఒడ్డు చేరేదాకా నాలుగు గంటలు అది ఊపిరాడక కొట్టుకుంటుంటే చూడలేను. నీళ్ళు సగమే పోస్తాను. రెండువైపులా రబ్బరు వాషర్లు పెట్టి నట్టు బిగించే ఫిట్టింగ్ తెప్పిస్తున్నాను.

ముందు ఫోమ్ ఆరాలి. పెట్టె బోర్లించి ఫ్యాన్ పెట్టాను. దాని హోరు ఇక్కడిదాకా వినిపిస్తోంది.