యేట్స్ జోకులేసిన మనుషులు

మా బ్యాచ్‌లో స్పెషల్ ఇంగ్లీషు తీసుకున్నవాళ్ళెవరూ మేష్టారు చెప్పిన ఐరిష్ కవి యేట్స్ పాఠం మర్చిపోయి ఉండరు. ‘ఈస్టర్, 1916’ కవితకి గైడులో రెండే ముక్కలు: ఐర్లండ్ వీరులు, వాళ్ళకి కవి నివాళి. పరీక్షకి అంత చాలు, మేష్టారికి మాత్రం చాలదు.

1916 ఏప్రిల్ 24న బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు చేసినవాళ్ళు ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో పెద్ద పోస్టాఫీసు పట్టుకుని రిపబ్లిక్ ప్రకటించారు. వారం తిరక్కుండానే లొంగిపోయారు. ఊళ్ళో చాలామంది వాళ్ళని తిట్టిపోశారు కూడా. మే నెలలో బ్రిటిష్‌వాళ్ళు 15 మందిని కాల్చి చంపాకే జనం మనసు మారింది.

ఇంతవరకూ గబగబా చెప్పేసి, మేష్టారు మొదటి పంక్తుల దగ్గర ఆగిపోయారు. సాయంత్రం కౌంటర్లూ బల్లలూ వదిలి ఇళ్ళకు పోయే మామూలు మనుషులు. ఎదురైతే కవి తలూపి, ఓ మర్యాద మాట అనేసి, క్లబ్బులో వాళ్ళమీద జోకులేసేవాడు. “ఇప్పుడు చచ్చిపోయింది వాళ్ళేనోయ్! ఇంక ఏ మొహం పెట్టుకుని పొగుడుతాడు?” అన్నారు. ఆ చచ్చిపోయినవాళ్ళలో పియర్స్ బడి నడిపినవాడు, కానొలీ కార్మిక నాయకుడు. ఇక మెక్‌బ్రైడ్, కవి ప్రేమించిన మాడ్ గాన్‌ని పెళ్ళాడి కష్టపెట్టినవాడు. తాగుబోతని తిడుతూనే అతని పేరూ చేర్చాడు కవి. వెనక బెంచీలకి ఈ భాగం బాగా నచ్చిందని వేరే చెప్పాలా!

ఈ చావులు అనవసరమా అని కవితలోనే ఓ ప్రశ్న ఉంది. ఐర్లండ్‌కి స్వపరిపాలన చట్టం 1914లోనే పాసైంది, మొదటి ప్రపంచ యుద్ధం పేరుతో పక్కన పెట్టారు. ఇంగ్లండు మాట నిలబెట్టుకునేదేమో అన్న అనుమానం అక్కణ్ణుంచి వచ్చింది. ఒకే పట్టు మీదున్న గుండె ఏటి మధ్య రాయిలా బిగుసుకుపోతుందనీ అంటాడు. దీన్ని ఉత్త నివాళి అంటే నేనిప్పటికీ ఒప్పుకోను.

కవితలో పేరున్న మెక్‌డొనా డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాడు. ఆ రోజుల్లో అక్కడ చదువుతున్న తెలుగు కుర్రాడు మన వి.వి. గిరి. 1916లోనే ఐర్లండ్ వదిలి వచ్చి, తర్వాత రైల్వే కార్మికుల నాయకుడయ్యారు. ఈ సంగతి చెప్పేసరికి క్లాసు మొత్తం నిటారుగా కూర్చుంది. ఆ యేడు టెస్టులో మేష్టారు ఒక్క ప్రశ్నే ఇచ్చారు: “మెక్‌బ్రైడ్ పేరు తీసేస్తే ఈ కవితకి ఏం నష్టం?” గైడులో వెతికినా దొరకదు కదా, అందరికీ టెన్షనే.